నీ పేరేమిటమ్మా?

మహబూబాబాదు జిల్లాలో గంగారం అని ఒక మండలం వుంది. అడవి ప్రాంతం. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలను పునర్విభజించినప్పుడు ఏర్పడ్డ మండలాల్లో అదొకటి. కోయవారి గూడేలు ఎక్కువ. రెండేళ్ళకొకసారి సమ్మక్క సారలమ్మల జాతర జరిగే మేడారం అక్కడికి దగ్గరే. అంచేత ఆ చుట్టుపక్కల ఆడపిల్ల పుడితే సమ్మక్క అనో సారక్క అనో, మగపిల్లవాడైతే సమ్మయ్య అనో సారయ్య అనో పేరు పెట్టుకోవడం పరిపాటి. ఇంటిపేర్లు కూడా పూనెం, ఈసం, కల్తి, ఇర్ప అంటూ కొన్నే మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, ఆ ప్రాంతంవాళ్ళు వచ్చి చేరే ఆసుపత్రి వార్డులో ఒకే పేరుగల ఇద్దరు పక్కపక్క మంచాలమీద వుండడం ఏమంత వింత కాదు. పూనెం సమ్మక్కలు ఇద్దరున్నారనుకోండి. ఒకామెకు మలేరియా జ్వరం. రెండో ఆమెకు చక్కెర వ్యాధి. నర్సు ఇన్సులిన్ సూది పట్టుకొని గుమ్మంలోంచే, "సమ్మక్క ఎవరమ్మా?" అంటుంది. జ్వరంలో మూలుగుతూ అటు తిరిగి పడుకున్నామె "ఊఁ" అంటుంది. ఆ ఒక్క "ఊఁ" చాలు. మూడు రోజులనుంచి తిండిలేక, మలేరియావల్ల అసలే రక్తంలో చక్కెర తగ్గివున్న మనిషికి ఇన్సులిన్ పడితే ఏమవుతుందో డాక్టర్లే చెప్పనక్కరలేదు.

ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. మందు మంచిదే. నర్సుకు సూది వెయ్యడం చక్కగా వచ్చు. తప్పంతా ఆ ప్రశ్నలో వుంది.

గంగారం మండలంలోని ఒక గూడెంనుంచి ఒక అమ్మాయి నర్సింగులో చేరిందనుకుందాం. ఈ రోజుల్లో అదేమంత అపూర్వం కాదు. 2022లో మహబూబాబాదులోనే ప్రభుత్వ వైద్య కళాశాల వెలిసింది. ఏ.ఎన్.ఎం. అయితే రెండేళ్ళ చదువు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్‌సి. నర్సింగు నాలుగేళ్ళు. ఏ పాఠాలు చెప్పాలో నిర్ణయించే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1947 నాటి చట్టంతో ఏర్పడింది. అమ్మాయి తెల్లకోటు తొడుక్కోగానే ఆపరేషన్లూ గుండె జబ్బులూ నేర్పుతారని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. మొదటి సంవత్సరం సెలవులకు వచ్చినప్పుడు, "ఏం నేర్చుకున్నావు బిడ్డా?" అని తల్లి అడిగితే, "పక్క పరచడం, చేతులు కడుక్కోవడం, పేరు అడగడం," అని చెబుతుంది పాపం. "దీనికి కాలేజీ కావాల్నా?" అని తల్లి బుగ్గమీద వేలు వేసుకుంటుంది.

కావాలి. ఎందుకో చూడండి.

పేరు అడగడం అంటే, "నువ్వు సమ్మక్కవేనా?" అని అడగడం కాదు. అలా అడిగితే రోగి అవునంటుంది. చెవి సరిగా వినపడక అవునంటుంది, నీరసంతో అవునంటుంది, ఇంట్లో కోయభాష మాట్లాడే మనిషి పట్నపు తెలుగు సగమే అర్థమై మర్యాదకు అవునంటుంది. "నీ పేరేమిటమ్మా?" అని అడిగి, ఆమె నోట ఆమెచేత చెప్పించాలి. అదొక్కటే కూడా చాలదు. పేరుతోపాటు రెండో ఆనవాలు ఒకటి వుండాలి: వయసో, పుట్టినతేదీయో, ఆసుపత్రివారిచ్చిన నంబరో. మంచం నంబరును ఆనవాలుగా తీసుకోకూడదు. మంచాలు మారుతూ వుంటాయి గదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రతకోసం అన్ని దేశాలకూ పంపిన సూచనల్లో ఈ రెండు ఆనవాళ్ళ పద్ధతి ఒకటి. మందు ఇచ్చే ముందు, రక్తం తీసే ముందు, రక్తం ఎక్కించే ముందు, ప్రతిసారీ అడగాలి. పొద్దున అడిగిన మనిషినే సాయంత్రం మళ్ళీ అడగాలి. "ఇందాకనే చెప్పాను గదమ్మా, మతిమరుపా?" అని రోగి విసుక్కున్నా సరే.

చేతుల సంగతి ఇంకా పాతది. 1846లో వియన్నా నగరంలోని పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు వుండేవి. ఒకదాంట్లో వైద్యవిద్యార్థులు పురుళ్ళు పోసేవారు, రెండోదాంట్లో మంత్రసానులు. విద్యార్థుల వార్డులో ఆ సంవత్సరం నూటికి 11 మందికి పైగా బాలింతలు జ్వరంతో పోతే, మంత్రసానుల వార్డులో 3 కన్న తక్కువ. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కారణం వెదికి వెదికి పట్టుకున్నాడు. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే పురుటి గదిలోకి వస్తున్నారు! 1847లో క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. మరుసటి సంవత్సరానికి చావులు నూటికి ఒకటి చిల్లరకు దిగిపోయాయి. ఇంతచేసినా తోటి డాక్టర్లు చాలామంది ఆయనను మెచ్చుకోలేదు సరిగదా, మా చేతులు మురికివంటావా అని కోపగించుకున్నారు. ఇప్పుడు మొదటి సంవత్సరం పిల్లకు కూడా నేర్పుతారు: సబ్బూ నీళ్ళతో అయితే 40 నుంచి 60 సెకండ్లు, స్పిరిటు ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకండ్లు, రోగిని ముట్టుకోబోయే ముందూ, ముట్టుకున్న తరువాతా. బొటనవేలూ, వేళ్ళ సందులూ, గోళ్ళ చివరలూ మరిచిపోయేవే ఎక్కువ.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి కారణం మా మేనత్త.

కొన్నేళ్ళ కిందట ఆవిడకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఒక ఆసుపత్రిలో చేర్చాం. మంచి డాక్టర్లు, మంచి మందులు. ఆ వార్డులో మొదటి సంవత్సరం నర్సింగు చదివే పిల్ల ఒకతె వుండేది. బక్కపలచగా, ఎవరైనా గట్టిగా మాట్లాడితే బెదిరిపోయేటట్టు వుండేది. రెండు గంటలకొకసారి వచ్చి, "అమ్మమ్మను పక్కకు తిప్పాలండీ," అనేది. మేము పదిమందిమి మంచం చుట్టూ వుండేవాళ్ళం. "ఇప్పుడే కన్నంటుకుంది, తరువాత రామ్మా," అనేవాళ్ళం. ఆ పిల్ల కాసేపు నిలబడి వెళ్ళిపోయేది. మళ్ళీ వచ్చేది. మళ్ళీ పంపేసేవాళ్ళం. అత్తను నిద్ర చెడకుండా కాపాడుతున్నామని మా గొప్ప.

నాలుగోనాడు బట్టలు మారుస్తుంటే నడుము కింద, తోక ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత మేర చర్మం కమిలి కనిపించింది. మా వదిన దానిమీద పౌడరు వేసి బాగా రుద్దింది. అన్నయ్య బజారుకు పోయి నడుమ బెజ్జం వున్న గాలిదిండు కొనుక్కొచ్చాడు. ఆ రెండూ చెయ్యకూడనివని మాకు తరువాత తెలిసింది. కమిలిన చోట రుద్దితే లోపల కండ ఇంకా నలుగుతుంది. గుండ్రటి దిండు చుట్టూ అంచులు ఒత్తి, మధ్యకు రక్తం రాకుండా చేస్తుంది. పదోరోజుకు చర్మం విచ్చింది. అత్తకు మాట రెండు వారాలలో తిరిగి వచ్చింది. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. "పక్షవాతంకంటే ఇదే చంపుతోందిరా," అని ఆవిడ రాత్రిళ్ళు ఏడుస్తుంటే వినలేక నేను వరండాలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

మనం ఆరోగ్యంగా వున్నప్పుడు నిద్రలో కూడా తెలియకుండానే ఒత్తిగిలుతూ వుంటాం. కదలలేని మనిషికి ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక, ఆ చోటు చచ్చుబడుతుంది. తోక ఎముక, మడమలు, తుంటి, మోచేతులు, తల వెనుక భాగం: చూడవలసిన చోట్లు ఇవి. 1860 నాటి తన పుస్తకంలోనే ఫ్లోరెన్స్ నైటింగేల్, పడకపుండు పడితే తప్పు సాధారణంగా జబ్బుది కాదు, పరిచర్యది అనే భావం వెలిబుచ్చింది. అన్ని పుండ్లనూ ఆపడం సాధ్యం కాదని ఇప్పటివారు ఒప్పుకుంటారనుకోండి. అయినా ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అనే నర్సు తోటివారితో కలిసి ముసలివాళ్ళ వార్డుల్లో పరిశోధన చేసి 1962లో ప్రకటించిన ఫలితాలు ఒక సంగతి తేల్చాయి. మందులూ పూతలకంటే, వేళకు పక్కకు తిప్పడమే మేలు చేస్తుంది!

తిప్పడానికీ ఒక పద్ధతి వుంది. రోగిని పరుపుమీద ఈడ్వకూడదు. కింద మడతపెట్టిన దుప్పటి వేసి, ఇద్దరు చెరొకవైపూ పట్టి ఎత్తి జరపాలి. పూర్తిగా పక్కకు పడుకోబెట్టకుండా, వీపువెనుక దిండు పెట్టి కొంచెం ఏటవాలుగా వుంచాలి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒక దిండు. మడమలు గాలిలో వుండాలి. పక్కబట్ట ముడతలు పడకూడదు, తడిగా వుండకూడదు. చర్మం ఎర్రబడితే వేలితో నొక్కి చూడాలి. నొక్కినప్పుడు తెల్లబోకపోతే ప్రమాదమన్నమాట. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎర్రదనం అని రాస్తారుగాని, మన నల్లటి చర్మంమీద ఎరుపు ఏం తెలుస్తుంది? చుట్టుపక్కలకంటే నల్లబడిందా, వేడిగా వుందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడాలి. గంగారం అమ్మాయి పుస్తకంలోది బట్టీపట్టి ఊరుకుంటే లాభం లేదు.

బంధువులం మనం చేసే ఉపకారాలు ఇంకా వున్నాయి. సెలైను సీసా కింద గొట్టానికి చిన్న చక్రం వుంటుంది చూశారా! తొందరగా అయిపోతే ఇంటికి పోవచ్చునని దాన్ని తిప్పేవాళ్ళను నేనెరుగుదును. 500 మిల్లీలీటర్ల సీసాను 8 గంటలలో ఎక్కించమని డాక్టరు రాస్తే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టంతో నిమిషానికి 21 చుక్కలు. నర్సు వాచీ చూసుకుంటూ లెక్కపెట్టి సరిచేసి పోతుంది. మనం చక్రం తిప్పితే, గుండె బలహీనంగా వున్న ముసలాయనకు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం పట్టుకుంటుంది. మగతగా పడుకున్నవాళ్ళ నోట్లో కాఫీ పోయడం ఇంకొకటి. పూర్తిగా మెలకువ రావాలి, వీపు నిటారుగా వుంచి కూచోబెట్టాలి, తాగిన తరువాత అరగంటసేపు పడుకోబెట్టకూడదు. లేకపోతే ఆ కాఫీ కడుపులోకి కాక ఊపిరిగొట్టంలోకి పోతుంది.

మందుల విషయంలో ఆ అమ్మాయి అయిదు సంగతులు సరిచూసుకోవాలి. మనిషి సరియైనవాడేనా, మందు అదేనా, మోతాదు ఎంత, ఇచ్చే మార్గం ఏది, వేళ అయిందా. ఇందులో మార్గం సంగతి చిన్నదనిపిస్తుంది. కాని పొటాషియం క్లోరైడు మందును చూడండి. చిన్న ఆంపూలు, రంగులేని ద్రవం. ఇంజక్షను పొడి కలిపే నీళ్ళ ఆంపూలు కూడా అలాగే వుంటుంది. మొదటిదాన్ని సీసాలో బాగా కలిపి, నెమ్మదిగా ఎక్కిస్తే అది ప్రాణం నిలిపే మందు. నీళ్ళనుకొని సూదితో నేరుగా రక్తనాళంలోకి పంపితే నిమిషాలలో గుండె ఆగిపోతుంది. అందుకే దాన్ని వార్డులో మామూలు మందుల మధ్య వుంచవద్దని, వేరే పెట్టి తాళం వెయ్యమని చెబుతారు. లేబులు మూడుసార్లు చదవాలి: తీసేటప్పుడు, సూదిలోకి ఎక్కించేటప్పుడు, మిగిలింది పక్కన పెట్టేటప్పుడు.

అమెరికాలాంటి దేశంలోనే ఆసుపత్రి పొరపాట్లవల్ల ఏటా 44,000 మొదలు 98,000 మంది దాకా చనిపోతున్నారని 1999లో అక్కడి వైద్యసంస్థ ఒకటి అంచనా కట్టి ప్రకటించేసరికి లోకం ఉలిక్కిపడింది. 2019నుంచి సెప్టెంబరు 17వ తేదీని రోగుల భద్రతా దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు కాలేజీల్లో గోడపత్రికలు అంటిస్తారు, ఉపన్యాసాలు చెబుతారు. మంచిదే. కాని ఆ పిల్లకు అన్నిటికంటే కష్టమైన పాఠం గోడమీద అంటించేది కాదు. పైవాళ్ళ ఎదుట నోరు విప్పడం! గూడెంనుంచి వచ్చిన పిల్ల, పద్ధెనిమిదేళ్ళది, పెద్ద సిస్టరు చేతిలో తప్పు మందు కనిపిస్తే, "సిస్టర్, ఒక్కసారి లేబులు చూడండి," అనగలగాలి. మంచం చుట్టూ కోటలా కూచున్న మాలాంటి బంధువులతో, "మీరు వద్దన్నా తిప్పాలండీ, పుండు పడుతుంది," అనగలగాలి. మా అత్త దగ్గరకు వచ్చిన పిల్ల ఆ రెండో వాక్యం అనలేకపోయింది. ఎలా అంటుంది? వినేటట్టు ఎవరున్నారు అక్కడ? నేను ఆ పిల్ల పేరు కూడా అడగలేదు.

చదువు అయ్యాక ఆ గంగారం అమ్మాయికి తన ప్రాంతంలోనే ఉద్యోగం వచ్చిందనుకోండి. వానాకాలం రాత్రి. జ్వరంతో మగతలో వున్న మనిషిని తీసుకొస్తారు. మన చేతిలో కానిదని తోచి, 108 బండిలో మహబూబాబాదుకో, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికో పంపాలి. డాక్టరు ఫోనులో ఒక ఇంజక్షను చెబుతాడు. తాను విన్నది కాగితంమీద రాసి, మందు పేరూ మోతాదూ తిరిగి ఆయనకే చదివి వినిపించి, ఆయన ఔనన్న తరువాతనే సూది తీస్తుంది. నిమిషమంతా పూర్తిగా లెక్కపెట్టి శ్వాస ఎంతో రాస్తుంది. ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చిందో, ఏ మందు పడదో రాస్తుంది. పైన పేరు రాయడానికి, రోగి తోడు వచ్చిన మనిషిని అడుగుతుంది.

"పేరేంది అన్నా?"

"పూనెం సమ్మక్క."

"భర్త పేరు?"

"సమ్మయ్య."

అమ్మాయి కలం ఆపి ఒక్క క్షణం ఆలోచిస్తుంది. తరువాత వయసూ, గూడెం పేరూ, తమ రిజిస్టరులోని నంబరూ కూడా రాసి, ఆ నంబరే ఒక పట్టీమీద రాసి సమ్మక్క మణికట్టుకు కడుతుంది.