చలికాలంలో తెరచాప పాఠాలు

కిందటి సెప్టెంబరులో మా ఆఫీసు సీనియర్ ఒకాయన మా ముగ్గురినీ తన తెరచాప పడవ ఎక్కించుకున్నాడు. టొరంటో రేవు దాటగానే గాలి ఎక్కువైంది. ‘షీట్ వదలండి!’ అని ఆయన అరిచాడు. మేము తలెత్తి చాప వంక చూశాం. గుమాస్తాలం కదా, మాకు షీట్ అంటే కాగితం! పడవ మీద షీట్ అంటే చాపను లాగిపట్టే తాడట. ఈలోగా పడవ ఒక పక్కకు ఒరిగి మాకు ప్రాణం పోయినంత పనైంది. ఒడ్డుకు చేరాక ఆయన కోప్పడలేదు. ‘మే నెలలో పందేలకు మనుషులు కావాలి. చలికాలంలో కాస్త నేర్చుకుని రండి’ అన్నాడు.

చలికాలంలో ఎక్కడ నేర్చుకుంటాం? అక్టోబరు నుంచే ఇక్కడి పడవలు క్రేన్లతో ఒడ్డెక్కేస్తాయి. మళ్ళీ నీళ్ళలో దిగేది ఏప్రిల్, మే నెలల్లోనే. అయినా వెతికాం. సగం పాఠాలు ఒడ్డు మీదే నేర్చుకోవచ్చని తేలింది.

మొదటిది ఈత. మాలో ఒకరికి రాదు. అందుకే ముందు కమ్యూనిటీ సెంటర్ కొలనులో పెద్దవాళ్ళ ఈత క్లాసుకు పేరు రాయించాం. మే నెలలో ఎండ కాసినా సరస్సు నీళ్ళు చల్లగానే ఉంటాయి. మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 లెక్క గుర్తుంచుకోండి. చన్నీళ్ళలో పడితే ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం. కాళ్ళూ చేతులూ పనిచేసేది సుమారు 10 నిమిషాలు. చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. లైఫ్ జాకెట్ తొడుక్కున్నవాడికే ఈ లెక్క అక్కరకొస్తుంది.

రెండోది క్లాసు. 1938లో మొదలైన కెనడియన్ పవర్ అండ్ సెయిల్ స్క్వాడ్రన్స్ వాళ్ళు పడవ నడిపే పద్ధతులు, మ్యాపులు, రేడియో వాడకం నేర్పుతారు. సెయిల్ కెనడా వారి బేసిక్ క్రూయిజింగ్‌లో రాత పరీక్ష కూడా ఉంది. దానికి ఇప్పుడే చదువుకోవచ్చు.

మూడోది ముళ్ళు. బారెడు తాడు చాలు. బౌలైన్ ముడితో జారని ఉచ్చు వస్తుంది. ఎనిమిది అంకె ముడి వేస్తే తాడు కొస కప్పీలోంచి జారిపోదు. రాత్రి టీవీ ముందు కూర్చుని కళ్ళు మూసుకుని కూడా వేయగలిగేదాకా సాధన చేస్తున్నాం.

నీళ్ళ మీదే నేర్చుకోవాలంటే వాంకోవర్ వైపు వెళ్ళాలి. అక్కడ సముద్రం గడ్డకట్టదు, చలికాలంలోనూ నేర్పే స్కూళ్ళున్నాయి. విమానం ఖర్చు మాత్రం మాబోటివాళ్ళకు బరువే.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట, మనకెందుకు అంటారా? పడవ కొనాలంటే డబ్బు కావాలి. క్రూగా ఎక్కాలంటే పని వస్తే చాలు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, ‘తారిణి’ మీద ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు మనవాళ్ళే. విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. అంత దూరం మనం వెళ్ళక్కర్లేదు. ఈసారి ‘షీట్ వదలండి’ అంటే సరైన తాడు వదిలితే మాకదే పదివేలు.