కరెంటు తీగ కింద కొబ్బరి వద్దు, కంద పెట్టుకోండి



వీడియోలో తోట మధ్యన కంద వేసిన బాట చూశారు కదా. అమలాపురం దగ్గర మా కొబ్బరి తోట అది. ఆ బాట మీదుగానే 11 కేవీ లైను వెళ్తుంది. అక్కడ మొన్నటిదాకా ఏడు కొబ్బరి చెట్లుండేవి.

1996 నవంబరు 6 తుపానుకి పాత చెట్లు పడిపోతే నాన్నగారు మళ్లీ మొక్కలు వేశారు. అప్పుడు మొక్క మోకాలెత్తు, తీగ ఎక్కడో పైన. ఎవరం తలెత్తి చూడలేదు. చూస్తుండగా కమ్మలు తీగని రాసుకోవడం మొదలెట్టాయి. కిందటి వేసవి దింపుకి వచ్చిన కార్మికుడు పైకి చూసి, "ఈ వరుస నేనెక్కనండి, పిల్లలున్నారు" అన్నాడు. అతను చెప్పింది నిజం. పచ్చి కమ్మలో నీరుంటుంది, కరెంటు పాకుతుంది. తీగని తాకక్కర్లేదు, తీగకి తగిలిన కమ్మని పట్టుకున్నా ప్రాణం పోతుంది.

గ్లిరిసిడియా అయితే ఏటా నరికినా చిగురేస్తుంది. కొబ్బరికి ఒక్కటే మొవ్వు, అది నరికితే చెట్టే పోతుంది. అందుకే జాగ్రత్త గొయ్యి తీసే రోజే పడాలి.

మేం పాటిస్తున్న పద్ధతి ఇదీ:

1. కమ్మ పొడవు 15 నుంచి 18 అడుగులు. గాలికి తీగ కూడా ఊగుతుంది. అందుకని చివరి తీగ నుంచి పక్కకి 25 అడుగులు వదిలి మొదటి వరుస వేస్తాం.

2. వదిలిన జాగాలో కంద, చేమ, పసుపు, అనాస. జీవామృతం మామూలే. మునగ, అరటి వద్దు, ఇట్టే ఎదుగుతాయి.

3. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ 10 అడుగుల్లో ఎండు ఆచ్ఛాదన వెయ్యం. ఫ్యూజు దగ్గర నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. ఎర్తు గొయ్యి మీద మొక్క పెట్టం.

4. స్తంభానికి, స్టే వైరుకి మిరియం, కాకర పాదులు పాకనివ్వం.

5. తీగ దగ్గర ఇనుప గెడ వాడం. పచ్చి వెదురునీ నమ్మం.

ఇప్పటికే కమ్మలు తగులుతుంటే మీరు కత్తి పట్టొద్దు. 1912కి ఫోన్ చేయండి, లేదా లైన్‌మన్‌కి చెప్పండి. ఆయన ఎల్‌సీ తీసుకుని సరఫరా ఆపించాకే పని మొదలెట్టాలి.

మా ఏడు చెట్లూ అలాగే తీయించాం. కాపు మీదున్నవి, నాన్నగారు పెట్టినవి, మనసొప్పలేదు. కానీ తర్వాతి దింపుకి అదే కార్మికుడు వచ్చి తోటంతా దింపి వెళ్లాడు.

ఈ ఏడు మొక్కలు వేసేవాళ్లు గొయ్యి తవ్వేముందు ఒక్కసారి పైకి చూడండి.