డేటాబేస్ సర్వరుతో వివిధ ప్రోగ్రామింగు భాషల అనుసంధానము – ‘ఏర్పేడు’ పదనిదర్శనము

గ్రామనామములను, శాసనపాఠములను, నిఘంటు పదములను డేటాబేసునందు భద్రపరచు పద్ధతి పరిశోధకులకు నేడు సుపరిచితము. ఒకే నిధిని ఒకరు పైథానుతోను, వేరొకరు జావాతోను, మరియొకరు పి.హెచ్.పి.తోను చదువవచ్చును. మార్గములు వేరైనను సర్వరుతో ఈ భాషలు చేసికొను ఒడంబడిక ఒక్కటే. అందు తెలుగునకు ప్రాణప్రదమైన అంశమును వివరించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ప్రోగ్రామునకును సర్వరునకును నడుమ దుబాసి వంటిది డ్రైవరు. జావాకు జె.డి.బి.సి., పి.హెచ్.పి.కి పి.డి.ఓ. కలవు, పైథాను డ్రైవర్లు 1999 నాటి డి.బి.-ఎ.పి.ఐ. రెండవ నియమావళిని అనుసరించును. ఏ డ్రైవరునకైనను సామాన్యముగా ఐదు వివరములు కావలయును: సర్వరు చిరునామా, పోర్టు సంఖ్య (మై ఎస్‌క్యూఎల్‌నకు వాడుకలో 3306, పోస్ట్‌గ్రెస్‌నకు 5432), డేటాబేసు పేరు, వినియోగదారు పేరు, పాస్‌వర్డు. వీనిలో ఏది తప్పినను సంధానము కుదరదు. దోషము వెంటనే బయటపడును. ఆరవది లిపిసంకేత పద్ధతి. ఇది తప్పినను సంధానము చెడకపోవచ్చును. పాఠము మాత్రము చెడును.

తిరుపతి ఐ.ఐ.టి. ప్రాంగణమునకు నెలవైన ఏర్పేడు పేరునే పరిశీలింతము. చదువరికి ఇందున్నవి మూడక్షరములు. యూనికోడునందు మాత్రము ఏ, ర, పొల్లుగుర్తు, ప, ఏత్వము, డ, కొమ్ము అని ఏడు సంకేతములు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కొక్కటి మూడు బైట్లు. కావున మొత్తము 21 బైట్లు. ఈ పదము పొడవెంత యని యడిగినచో పైథాను, జావాలు 7 అనును, పి.హెచ్.పి. యందలి సామాన్య గణనము 21 అనును. రెండును సత్యములే, ఒకటి సంకేతములను, రెండవది బైట్లను లెక్కించినది. మూడక్షరముల పేరని మూడు స్థానముల గడిని ఏర్పరచినచో ఈ పేరు అందు పట్టదు.

ప్రోగ్రాము యు.టి.ఎఫ్.-8లో పంపుచు సంధానమును లాటిన్-1గా ప్రకటించినచో, మై ఎస్‌క్యూఎల్ ఆ 21 బైట్లను 21 లాటిను వర్ణములుగా గ్రహించును. బైట్లు చెక్కుచెదరనంతవరకు దీనిని సవరింపవచ్చును. సంధానము సరియైనదైనను గడి లాటిన్-1దైనచో, కఠిన నియమము అమలులో లేని సర్వరు ఒక్కొక్క సంకేతమునకు బదులు ప్రశ్నార్థకమును నిలుపును. లేఖకదోషము పాఠపరిష్కర్తకు ఏదో యొక ఆనవాలు మిగుల్చును. ఏడు ప్రశ్నార్థకములనుండి ఊరిపేరును ఎవ్వరును ఉద్ధరింపజాలరు.

కావున మై ఎస్‌క్యూఎల్‌నందు గడికిని, సంధానమునకును ‘యు.టి.ఎఫ్.8.ఎం.బి.4’ అనియే నిర్దేశింపవలెను. పిమ్మట ఒక భాషతో ‘ఏర్పేడు’ అని చేర్చి, వేరొక భాషతో చదివి, 7 సంకేతములు, 21 బైట్లు సరిపోయినవో లేదో చూడవలెను. వేలకొలది పాఠములను ఎక్కించుటకు ముందే ఈ పరీక్ష జరుగుట యుక్తమని మా అభిప్రాయము.