అవటు గ్రంథి - మాతృత్వం

పెండ్లి అయి మూడు నాలుగేండ్లు గడిచినా కడుపు పండలేదంటే మన ఇండ్లలో లోపం కోడలిదేనని ముందే తీర్మానిస్తారు. నిలిచిన గర్భం పోతే దిష్టి తగిలిందని తాయెత్తు కడతారు. సంతానలేమికి కారణాలు అనేకం, పురుషునిలోనూ ఉండవచ్చును. వానిలో ఒక రక్తపరీక్షతో బయటపడి, ఒక చిన్న మాత్రతో చక్కబడగల కారణాన్ని గురించి మాత్రమే ఇక్కడ వ్రాయదలచినాము.

మెడ ముందుభాగంలో, శ్వాసనాళాన్ని అంటిపెట్టుకొని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఉండేదే థైరాయిడ్. తెలుగులో అవటు గ్రంథి అంటారు. ఇది ఆహారంలోని అయొడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే మరొక హార్మోనును పంపి దీనిచేత పని చేయిస్తుంది. పనివాడు బద్ధకించినకొద్దీ యజమాని కేకలు పెరిగినట్లు, థైరాక్సిన్ తగ్గినకొద్దీ టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. పరీక్షలో చూసేది ముఖ్యంగా దీనినే.

అయొడిన్ చాలనిచోట గ్రంథి ఉబ్బి గళగండం వస్తుంది. ఉర్దూలో ఘేంఘా అంటారు. శ్రీకాకుళంలో జన్మించి విశాఖపట్టణంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956 నుండి హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పును, మామూలు ఉప్పును వేర్వేరు ప్రాంతాలకు ఇచ్చి పరిశీలించినారు. అయొడిన్ ఉప్పు తిన్నచోట గళగండం తగ్గినది. ఈ పరిశోధన మన తెలుగువారు గర్వించదగినది. అయితే ఆ ఉప్పు తినే ఇండ్లలోనూ నేడు గ్రంథి మందగిస్తున్నది. శరీరపు రక్షణ వ్యవస్థే పొరపాటున దానిపై దాడి చేయడం ఇందుకు ప్రధాన కారణం. ఇది స్త్రీలలో ఎక్కువ.

గ్రంథి మందగించినప్పుడు అలసట, చలికి తాళలేకపోవడం, ఋతుక్రమం తప్పడం, అధిక రక్తస్రావం కనిపించవచ్చును. ప్రొలాక్టిన్ పెరిగి అండం విడుదలకు అడ్డుపడవచ్చును. గర్భం నిలిచినా, చికిత్స లేకపోతే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు వంటి ప్రమాదాలు హెచ్చుతాయి.

గర్భస్థ శిశువు గ్రంథి సుమారు 12వ వారం వరకు హార్మోనును తయారుచేయజాలదు; 18-20 వారాలకు గాని పుంజుకోదు. అంతవరకు శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం. సరిగా ఆ వారాలలోనే ఎందరో తల్లులు మాత్ర మానివేస్తారు. "కడుపుతో ఉన్నప్పుడు మందులు వద్దమ్మా" అని పెద్దలు ప్రేమతోనే అంటారు. ఇతర మందుల విషయంలో ఆ జాగ్రత్త మంచిదే. కాని థైరాక్సిన్ శరీరానికి పరాయి వస్తువు కాదు. గ్రంథి ఇవ్వలేనిదానిని భర్తీ చేస్తుంది. దానిని ఆపరాదు. పైగా గర్భంలో మోతాదును నాలుగో వంతు నుండి సగం వరకు పెంచవలసి రావచ్చును. కనుక నెల తప్పిన వెంటనే వైద్యుని చూడవలెను. గర్భం సగం నిండేవరకు నాలుగేసి వారాలకు పరీక్ష చేయించుకొనవలెను.

గ్రంథి అతిగా పనిచేయడం వేరే జబ్బు. దాని మందులలో కొన్ని తొలి నెలలలో శిశువుకు హాని చేయగలవు. బిడ్డ కావాలనుకున్నప్పుడే వైద్యునితో మాట్లాడవలెను.

థైరాక్సిన్ మాత్రను పరగడుపున వేసుకొనవలెను. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు దీనిని ఒంటికి పట్టనీయవు; నడుమ నాలుగు గంటల ఎడం ఉండవలెను. రెండూ ఒకే గుక్కలో మింగి, మందు పనిచేయలేదని వాపోయేవారు ఉన్నారు. రంజాన్ మాసంలో, రాత్రి భోజనమై మూడు గంటలు గడిచిన పిమ్మట వేసుకోవడం ఒక మార్గం.

ఈ మాత్ర అందరికీ అవసరమని మా భావం కాదు. ప్రతిరక్షకాలు ఉండి, గ్రంథి సవ్యంగానే పనిచేస్తున్న స్త్రీలకు గర్భానికి ముందునుండి దీనిని ఇచ్చి చూడగా సజీవ ప్రసవాలు పెరగలేదని 2019లో వెలువడిన బ్రిటిష్ పరిశోధన తేల్చినది.

కాన్పు తరువాత మోతాదు సాధారణంగా పూర్వస్థితికి వస్తుంది. ఆరు వారాలకు మరల పరీక్ష చేయించవలెను. బిడ్డకు పాలివ్వడానికి ఈ మాత్ర అడ్డు కాదు.