గుమ్మడి పెంకు పురుగు ఆకును గుండ్రంగా ఎందుకు కోస్తుంది?

గుమ్మడి, దోస పాదుల లేత ఆకులపై గుండ్రటి రంధ్రాలు చేసే ఎర్రటి పెంకు పురుగును చూశారా? దాని ప్రజాతి పేరు ఆలకోఫోరా. ఆకులు తినే పెంకు పురుగుల కుటుంబం క్రైసోమెలిడేకు చెందింది. ఆసియాతో పాటు ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లోనూ దీని జాతులున్నాయి.

గుండ్రంగా ఎందుకు? కొరికిన చోటికి మొక్క తన రక్షణ రసాన్ని పంపుతుంది. పురుగు ముందే చుట్టూ గాడి కోసి, ఆ రసం రాకుండా అడ్డుకుని, లోపలి భాగాన్ని తింటుంది.

జాతులను ఎలా గుర్తిస్తారు? రంగు ఒక్కటే చాలదు. ఒకే జాతిలోనూ అది మారవచ్చు. అందుకే శాస్త్రవేత్తలు మగ పురుగుల జననాంగాల ఆకారాన్నీ సూక్ష్మదర్శినిలో పోల్చి చూస్తారు. పేరు సరిగ్గా తేలితేనే ఏ జాతి ఎక్కడుందో పటం గీయగలం, పాదును కాపాడుకోగలం.