సంప్రదింపుల్లో ఆమె ఎక్కడ?

రెండేళ్లు నిండకముందే బిడ్డకు పాలు మాన్పించాలన్నా తల్లిదండ్రులిద్దరి అంగీకారం, సంప్రదింపులు ఉండాలని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది (2:233). మరి ఆ తల్లికే రొమ్ము క్యాన్సర్ వస్తే, ఆమెను అడగకుండానే ఇంటి మగవారూ డాక్టరూ చికిత్సను నిర్ణయించడం సబబేనా?

“చెబితే భయపడుతుంది” అంటారు. కానీ చెప్పే పద్ధతి ఉంది. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి పరిశోధకులు రూపొందించిన ‘ప్రిడిక్ట్’ అనే ఉచిత ఆన్‌లైన్ సాధనం అందుకొక ఉదాహరణ. శస్త్రచికిత్స జరిగిన రోగి వయస్సు, కణితి పరిమాణం, వ్యాధి సోకిన లింఫు గ్రంథుల సంఖ్య మొదలైన వివరాలను డాక్టరు అందులో నమోదు చేస్తారు. అటువంటి 100 మంది స్త్రీలలో శస్త్రచికిత్స మాత్రమే పొందితే 10 ఏళ్ల తర్వాత ఎందరు జీవించి ఉండవచ్చో, హార్మోను చికిత్స, కీమోథెరపీ తోడైతే ఇంకెందరికి మేలు కలగవచ్చో అది మాటల్లో, పట్టికలో, బొమ్మల్లో చూపుతుంది.

ఆ 100 మందిలో ఈమె ఎవరో అది చెప్పలేదు; ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. అయితే వాంతులు, నీరసం, జుట్టు రాలడం భరించేది ఆమె శరీరమే. ఎంత మేలుకు ఎంత కష్టం సమ్మతమో చెప్పవలసింది ఆమే.

సోదరులారా! డాక్టరు గదిలోకి ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళండి. ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించమని కోరండి. ఆమె సమ్మతితో నిర్ణయించుకొని, పిదప అల్లాహ్‌పై భారం వేయండి.