చుక్క ఒకచోట, చిల్లు ఇంకోచోట

చెన్నై, బెంగళూరు మధ్య నేలను రాసుకున్నట్టు దూసుకెళ్ళే స్పోర్ట్స్ కార్లను మన బంగారుపాళ్యం పిల్లలకు కొత్తగా చూపించక్కర్లేదు. అట్లాంటి కారొకటి మన ఊరు దాటి, మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరులో ఆగిందనుకోండి. కాసేపటికి కింద నల్లటి చుక్కలు. చుక్క పడినచోటికి నేరుగా పైనే చిల్లుందని అనుకుంటాం. మట్టిమిద్దె కురిసినప్పుడు చూశారు కదా? నీళ్ళు దిగేది ఒకచోట. దూలం వెంబడి పాకి కారేది ఇంకోచోట. ఇంజన్ ఆయిల్‌దీ అదే దారి.

ముందు ఆ చుక్క ఏమిటో తేల్చాలి. రాత్రి కారు కింద తెల్లటి అట్ట పరిచి పెట్టండి. ఏసీ నుంచి కారేది ఉత్త నీళ్ళే. కూలెంట్‌కు పచ్చ, గులాబీ లాంటి రంగు ఉంటుంది. అది విషం, నోటి దగ్గరికి పోనివ్వొద్దు. తేనె రంగులోనో నల్లగానో ఉండి, వేళ్ళ మధ్య జారిందంటే ఇంజన్ ఆయిల్ అయ్యుండొచ్చు.

స్పోర్ట్స్ కారులో ఇంకో చిక్కుంది. గాలికి అడ్డు తగలకుండా అడుగంతా రేకులాంటి కవర్‌తో మూసేస్తారు. కారిన ఆయిల్ దాని మీద చేరి, అంచు దొరికినచోట బొట్టుగా రాలుతుంది. అందుకని మొదట ఆ కవర్ విప్పాలి. ఇంజన్ ఎక్కడుందో కూడా తెలియాలి: 1963లో లోకానికి చూపించిన పోర్షె 911కు అప్పటినుంచీ ఇంజన్ వెనకే!

ఆయిల్‌ను భూమి కిందికి లాగుతుంది, పరుగులో గాలి వెనక్కి తోస్తుంది. కాబట్టి తడిసిన భాగాల్లో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదాన్ని మొదట అనుమానించాలి. వాల్వ్ కవర్ గాస్కెట్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్, క్రాంక్‌షాఫ్ట్ సీల్: ఇవీ తరచూ దొరికే దొంగలు.

జిడ్డు పేరుకున్న ఇంజన్‌లో పాత మరకేదో కొత్త తడేదో తెలియదు. చల్లారాక శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, అనుమానమున్న అతుకుల మీద ముఖానికేసుకునే పౌడర్ చల్లాలి. ఇంజన్ వేడెక్కేదాకా నడిపితే, లీకున్నచోట పౌడర్ తడిసి గీత పడుతుంది. వేడికి ఆయిల్ పలచబడుతుంది కాబట్టి ఇంట్లో కారనిది ఘాట్ ఎక్కాక కారుతుంది. మరీ సన్నటి లీకైతే ఆయిల్‌లో ప్రత్యేకమైన రంగు కలిపి, అతినీలలోహిత దీపం వేస్తారు. కంటికి కనబడని ఆ కిరణాలను రంగు మింగి, కనబడే పచ్చటి వెలుగుగా తిరిగిస్తుంది. దాంతో దారి మొత్తం మెరుస్తుంది.

గాస్కెట్ మార్చినా మళ్ళీ కారుతోందా? అయితే లోపలి ఒత్తిడి చూడాలి. మండిన వాయువులు కొద్దికొద్దిగా పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారతాయి. వాటిని మళ్ళీ ఇంజన్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ మూసుకుపోతే, ఆ వాయువులు ఆయిల్‌ను సీళ్ళలోంచి బయటికి తోస్తాయి. ఎన్ని గాస్కెట్లు మార్చినా డబ్బులు దండగే. కారణం పట్టుకోకుండా సామాను మార్చొద్దని మెకానిక్ పని నేర్చుకునే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

చిన్న చుక్కకు కంగారు పడక్కర్లేదు, రోజూ ఆయిల్ లెవెల్ చూసుకుంటూ త్వరగా బాగు చేయించుకోవచ్చు. కాలిన ఆయిల్ వాసన వస్తే మాత్రం వేడి సైలెన్సర్ గొట్టం మీద పడుతోందేమో, మంటలు రేగొచ్చు. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే ఘాట్ మధ్యలో ఉన్నా సరే, పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయండి నాయనా.